దేవుడు లేని చోట్లు

24 ఏప్రిల్ 1979, మంగళవారం

ఈ ఉదయం అలమేలు పళ్ళపొడి తానే తెచ్చుకుందని గమనించాను. నోటుబుక్కు కాగితంలో కట్టిన చిన్న పొట్లం. పెరట్లో తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని తన అరచేతిలో కొంచెం పోసుకుంది, తమ్ముడి అరచేతిలో కొంచెం పోసింది. తర్వాత పొట్లాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. మా ఇంటి పళ్ళపొడి డబ్బా ఎప్పుడూ ఉండే గూట్లోనే ఉంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. పుట్టినప్పటి నుంచి ప్రతి వేసవికీ ఈ ఇంటికి వస్తూనే ఉంది.

నిన్న సాయంత్రం బావ ఇద్దరినీ దిగబెట్టి వెంటనే చిత్తూరు వెళ్ళిపోయాడు. మండీలో బెల్లం దిగుతోందట. కాఫీ కూడా తాగలేదు. జూన్ పదో తేదీ దాకా పిల్లలు ఇక్కడే ఉంటారు. అలమేలుకు పదేళ్ళు, మునిరత్నానికి ఆరు.

అక్క లేకుండా వాళ్ళు సెలవులకు రావడం ఇదే మొదలు.

25 ఏప్రిల్

ఎండ. ఏమీ చదవలేదు.

27 ఏప్రిల్, శుక్రవారం

మధ్యాహ్నం అన్నాల దగ్గర ముని అడిగాడు.

"అవ్వా, కొండకెప్పుడు పోతాం?"

అమ్మ వడ్డిస్తున్న చెయ్యి ఆపలేదు. "ఈ తూరి లేదు నాయనా."

"ఎందుకు?"

"నువ్వు కొరివి పెట్టిన బిడ్డవు గదా. ఏడాది తిరిగేదాకా కొండెక్కగూడదు."

"అక్క పెట్టలేదు గదా. అక్క పోవచ్చా?"

"అక్క గూడా పోగూడదు. కొండే గాదు, ఏ గుడికీ పోగూడదు. దేవుడుండే చోటికి ఈ ఏడు మీరు పోగూడదు. అంతే."

ముని రెండు ముద్దలు తిని ఆలోచించాడు. "అయితే దేవుడు లేని చోటికి పోదాం."

నాయన నవ్వాడు. నవంబరు తర్వాత నాయన నవ్వడం నేను చూడలేదు. "ఈ జిల్లాలో దేవుడు లేని చోటు యాడుండాదిరా? రాయి కనబడితే పసుపు పూసినారు, చెట్టు కనబడితే గుడ్డ కట్టినారు."

అమ్మ మాత్రం నవ్వలేదు. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళింది.

తిరుపతిలో పుట్టినవాళ్ళం ఎక్కడికీ వెళ్ళం. ఊళ్ళన్నీ మూటలు కట్టుకుని మా దగ్గరికే వస్తాయి. చిత్తూరు నుంచి పిల్లలు వచ్చినా అంతే. కొండ, గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు, నాయన పాత్రల అంగట్లో ఒక పూట, చివరి రోజు ఐసు. అలమేలు బడిలో 'సెలవుల్లో నేను చూసిన చోటు' అని ప్రతి జూన్‌లోనూ రాయిస్తారట. ఒకటో తరగతి నుంచి ఒకే వ్యాసం రాస్తున్నానని చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు, ఊరికే చెప్పింది.

సాయంత్రం నా పెట్టెలోంచి కాన్వెంటు నాటి అట్లాసు తీశాను. ఒకరి తర్వాత ఒకరు, వంతుల వారీగా చోటు ఎంచుకోవాలని చెప్పాను. షరతులు రెండు. అక్కడ దేవుడు ఉండకూడదు. దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాలి. నేను ఇంతసేపు మాట్లాడి చాలా రోజులైంది. ఒకే చోటు చూసి పెరిగిన పిల్లలు లోకమంతా అలాగే ఉంటుందనుకుంటారని మాకు జాగ్రఫీ చెప్పిన సిస్టర్ అనేది. అదే వాళ్ళకూ చెప్పాను.

పిల్లల కోసమే ఇది. ఇంట్లో కూర్చుంటే ఏవేవో అడుగుతారు. బస్సులో కిటికీ ఉంటుంది.

28 ఏప్రిల్

చోట్ల గురించి నాయనా నేనూ అమ్మతో వాదించాం. తలకోన అన్నాను. సిద్ధేశ్వరుడున్నాడంది అమ్మ. కైలాసకోన. "పేరులోనే ఉండాడు గదమ్మే." హార్సిలీ కొండ దొరలు కట్టుకున్న చోటు కదా అని నాయన అన్నాడు. "ఆడ మల్లమ్మ ఉండాది," అంది అమ్మ. దొరలు రాకముందు నుంచీ ఉందట.

మిగిలినవి: చంద్రగిరి కోట, కల్యాణి డ్యాము, పులికాట్ సరస్సు. సముద్రం గురించి తేలలేదు. సముద్రుడు దేవుడా కాదా అన్నది పంతులుగారిని అడుగుతానంది అమ్మ.

1 మే, మంగళవారం

చంద్రగిరి. ముని ఎంచుకున్నాడు. రైల్లో పోవచ్చని, అంతకు మించి కారణం లేదు. అరగంట ప్రయాణంలో అరగంటా తల బయటే పెట్టాడు. దిగేసరికి కళ్ళలో బొగ్గు నలుసులు.

రాజమహలులో ఒక్కొక్క గదిలోకీ పరుగెత్తి, మూలమూలా చూసి, గుమ్మంలోకి వచ్చి అరిచాడు. "ఈడ లేడు! రావచ్చు!"

కాపలా ముసలాయన మెట్ల మీద బీడీ తాగుతున్నాడు. "ఏంరా అబ్బోడా, దొంగను ఎతకతా ఉండావా?"

"దేవుణ్ణి."

"దొరికితే నాకూ ఒక మాట చెప్పు. నలభై ఏండ్లుగా ఈడుండా."

చింతచెట్టు నీడలో పెరుగన్నం తిన్నాం. అలమేలు ముందు తమ్ముడికి పెట్టి, తర్వాత తాను తిని, కారియరు గిన్నెలు బోరింగు దగ్గర కడుక్కుని వచ్చింది. నేను కడుగుతానంటే వినిపించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో అడిగింది.

"చిన్నమ్మా, ఆ పక్కకు పొయ్యే రైలు యాడిదాకా పోతాది?"

"పాకాల, చిత్తూరు, కాట్పాడి."

"కాట్పాడి నుంచి వేలూరు ఎంత దూరం?"

"తెలీదు."

తెలుసు. బస్సులో ఇరవై నిమిషాలు. పోయిన నవంబరులో అక్కకు గుండె జబ్బు ముదిరినప్పుడు వేలూరు ఆసుపత్రిలో పదకొండు రోజులూ తోడున్నది నేనే.

2 మే

కాళ్ళు నొప్పులు. ఏమీ చదవలేదు. పెట్టెలోంచి అట్లాసు తీసినప్పుడు మిగతా పుస్తకాలు తగిలాయి. మూత వేశాను.

4 మే, శుక్రవారం

అలమేలు వంతు. అట్లాసు ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత వేలు జిల్లా గీత దాటించి అవతల పెట్టింది.

"వేలూరు."

"కోటకా?" అన్నాను.

"గాదు. ఆసుపత్రికి."

అది సెలవులకు వెళ్ళే చోటు కాదని చెప్పాను.

"ఎందుకు గాదు? నువ్వు పెట్టిన షరతులు రెండే గదా. పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేయొచ్చు, తాతను అడిగినా. దేవుడు ఉండాడా ఆడ?"

"క్రైస్తవుల ప్రార్థన గది ఉంది."

"ఆ దేవునికీ మనకూ మైల లేదు గదా."

ముని పక్కన కూర్చుని పెన్సిలు చెక్కుతున్నాడు. వాడికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"అమ్మ చిత్తూరు స్టేషన్లో నడుచుకుంటా పోయి రైలెక్కింది చిన్నమ్మా. నేను చెయ్యి ఊపినా, తనూ ఊపింది. తిరిగొచ్చినప్పుడు వ్యానులో పండుకోని వచ్చింది. ఆ మధ్యలో ఏముండాదో నేను సూడాల. నువ్వు సూసినావు. నేను సూడలేదు."

ఇంకో చోటు ఆలోచించుకోమని చెప్పాను. అట్లాసు మూసి బియ్యం ఏరడానికి వెళ్ళాను. అమ్మ అప్పటికే ఏరి పెట్టిన బియ్యమే.

6 మే, ఆదివారం

కల్యాణి డ్యాము. మునికి వంతు ముందుగా ఇచ్చాను. నీళ్ళు అడుగున ఎక్కడో ఉన్నాయి. ముని గట్టు మీద నుంచి రాళ్ళు విసిరాడు, ఒక్కటీ నీళ్ళలో పడలేదు. బస్సు దొరక్క రంగంపేట దాకా ఎడ్లబండిలో వచ్చాం. బండి తోలే ఓబయ్య మునికి పగ్గాలు ఇచ్చాడు. ముని జన్మలో మరిచిపోడు.

అలమేలు గట్టు నీడలో కూర్చుంది. ఒకే ఒక్క మాట అడిగింది. "నా వంతు పోలేదు గదా?"

పోలేదని చెప్పాను.

9 మే

అలమేలు వంతుకు పులికాట్ అని నేనే నిర్ణయించాను. ఆదివారం వెళ్దాం. తడ దాకా బస్సుంది. సరస్సులో పడవలుంటాయి. పక్షుల బొమ్మలు చూపించాను. బాగున్నాయంది. బొమ్మలు బాగున్నాయంది.

12 మే, శనివారం

తుఫాను. నెల్లూరు వైపు బస్సులు ఆపేశారు. రేడియో పెట్టుకుని నాయన గడప దగ్గరే కూర్చున్నాడు. పెరట్లో అరటి చెట్టు పడిపోయింది.

13 మే

వాన. నాకు తేలికగా అనిపించింది. వాన వల్ల చల్లబడిందని అనుకుంటాను.

16 మే, బుధవారం

తుఫాను వెలిసింది. మునిని తర్వాత ఎక్కడికి అని అడిగాను. నూలుబట్టల మిల్లు చూడాలా, ముక్కులా ఉండే నగరి కొండ చూడాలా, ఏదైనా సరే అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నా వంతు గాదు. అక్కది కాలేదు."

"అక్క వంతు వానకు పోయింది."

"అది నీ వంతు. అక్క వంతు వేలూరు." వాడికి వినపడలేదనుకున్నాను. "ఆటలో ఒకరిది కాకుండా ఇంకొకరు ఆడగూడదు చిన్నమ్మా. అట్ల ఆడితే తొండి."

అలమేలు తమ్ముడి చొక్కా మడత పెడుతోంది. పోట్లాడదు, ఏడవదు, అన్నం మానదు. ఆ పిల్ల పోట్లాడితే నేను ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని.

17 మే

ఎక్కడికీ వెళ్ళలేదు.

18 మే

ఎక్కడికీ వెళ్ళలేదు. ముని అమ్మతో చెప్పేశాడు.

"ఆ ఊరి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు," అంది అమ్మ. పిల్లలతో కాదు, నాతో. "అట్లాసులూ వంతులూ అని నేర్పించింది నువ్వు. పసిబిడ్డను పీనుగుల కొట్టానికి తీసకపోతావా?"

"వార్డు చూడాలంటోంది."

"నాకు రెండూ ఒకటే."

అమ్మ వేలూరు రాలేదు. శుక్రవారం నాకు బదులుగా వచ్చి కూర్చోవాల్సింది తనే. చారుపొడి కొట్టి, చీరలు సర్దుకుని ఉంది. గురువారం అక్క పోయింది. ఆ చారుపొడి డబ్బా ఇప్పటికీ పై అరలో ఉంది. దాన్ని ఎవరూ వాడరు, ఎవరూ పారేయరు.

20 మే, ఆదివారం

బావ వచ్చాడు. పిల్లలకు బెల్లం అచ్చులు తెచ్చాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉంది. తానే కుట్టుకుని ఉంటాడు.

అమ్మ చెప్పింది. బావ గ్లాసు కింద పెట్టి నవ్వబోయాడు, కుదరలేదు.

"ఆసుపత్రి ఏమన్నా తిరణాలనా సూసొచ్చేదానికి?" తర్వాత నా వైపు తిరిగాడు. "పంకజా, నువ్వు చెప్పు దానికి. కడదాకా పక్కనుండింది నువ్వే గదా. నీ చెయ్యి పట్టుకోనే పోయింది. మాకెవురికీ ఆ రుణం లేకపోయె. నిద్రపోయినట్టు పోయిందని నువ్వు ఒక్క మాట చెబితే అది ఊరుకుంటాది."

"సరే బావా," అన్నాను.

బావ బస్సెక్కిన తర్వాత అలమేలు నా గదిలోకి వచ్చింది. తలుపు పక్కన నిలబడింది.

"నాయన చెప్పమన్నది చెప్పు."

"నిద్రపోయినట్టే పోయింది."

"నువ్వు సూసినావా?"

"అన్నం తిందువు రా," అన్నాను.

21 మే

ఏమీ లేదు.

22 మే

ఏమీ లేదు. మునికి అట్లాసులో సముద్రాల పేర్లు చదివి వినిపించాను. పసిఫిక్ దగ్గర వాడు నిద్రపోయాడు. నేను చదవడం ఆపలేదు. కొంచెంసేపటికి అలమేలు, "వాడు పడుకున్నాడు చిన్నమ్మా," అంది.

24 మే, గురువారం

నాయన మామూలుగా భోజనం దగ్గర మాట్లాడడు. ఇవాళ మాట్లాడాడు.

"అంగడికి వేలూరు నుంచి దేవరాజులని ఒకాయన వచ్చినాడు. ఇత్తడి బిందెలు కావాలని. ఆయన చెప్పినాడు, వాళ్ళ కోటలో పెద్ద గుడి ఉండాదంట. గోపురం, మంటపం, రాతి పని, అన్నీ ఉండాయంట. లోపల దేవుడు మాత్రం లేడంట."

అమ్మ తలెత్తింది. "గుడిలో దేవుడు లేకపోయేదేంది?"

"లేడంట. తురకల కాలంలో తీసి వేరే చోట పెట్టినారంట, మళ్ళా తేలేదంట. వందల ఏండ్లుగా ఉత్త గుడి." ముద్ద కలుపుతూ ఆకులోకే చూస్తున్నాడు. "నీ మాటకు అడ్డం లేదు. దేవుడు లేని చోటే. నాకు ఎట్లా మంగళవారం ఆడ సరుకు సూసే పని ఉండాది. పిల్లోళ్ళను గూడా తీసకపోతా. పంకజా, నువ్వు రావాల. నేనొక్కణ్ణి వాళ్ళతో వేగలేను."

అమ్మ నాయనను చాలాసేపు చూసింది. తనకు ఏదో అర్థమైనట్టుంది. "కోటకే గదా," అంది.

"కోటకే."

మునికి కోట అనేసరికి కత్తులు గుర్తొచ్చాయి. అలమేలు మంచినీళ్ళు తాగుతోంది. గ్లాసు దించలేదు.

28 మే

రేపు. ఆకుపచ్చ చీర తీసి పెట్టాను. తర్వాత అక్క పోయిన రోజు కట్టుకున్నది అదేనని గుర్తొచ్చి వేరేది పెట్టాను.

30 మే, బుధవారం

నిన్నటి సంగతి. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే రైలు. చిత్తూరు స్టేషన్లో అలమేలు కిటికీ దగ్గర నిలబడి ప్లాట్‌ఫాం చూసింది. ఒక చోట వేలు పెట్టి చూపించింది, "నేను ఆడ నిలబడినా," అని. ఎవరికి చెప్పిందో తెలియదు. బహుశా నాకే. కాట్పాడిలో దిగి బస్సెక్కాం.

కోట చుట్టూ అగడ్తలో నీళ్ళున్నాయి. నాయన చెప్పింది నిజమే. గుడి పెద్దది. రాతి స్తంభాల మీద గుర్రాలు, సింహాల్లాంటి యాళులు. లోపలికి పోయేకొద్దీ చీకటి, గబ్బిలాల వాసన. గర్భగుడి ముందు ముని ఆగిపోయాడు. మామూలుగా లోపలికి దూరి వెతికేవాడు. ఈసారి మా నాయన పంచె పట్టుకున్నాడు.

"నిజంగానే లేడు తాతా."

"చెప్పినా గదా."

"యాడికి పోయినాడు?"

"పక్క ఊర్లో ఉండాడంట. జాగ్రత్తకని పెట్టినారంట."

"మళ్ళా రాడా?"

"తెలీదబ్బా. ఇది వాళ్ళ ఊరు. మనం అడగగూడదు."

ఒంటిగంట కావస్తుండగా నాయన మునిని అగడ్త గోడ మీద కూర్చోబెట్టుకున్నాడు. "మేమిద్దరం ఈడ చేపలు సూస్తా ఉంటాం. మీరు పొయ్యి రాండి." ఎక్కడికో అనలేదు. నా వైపు కూడా చూడలేదు. నాయనకు వేలూరులో సరుకు చూసే పని ఏదీ ఉన్నట్టు లేదు.

ఆసుపత్రిలో ఒంటిగంట నుంచి మూడు దాకా చూడనిస్తారు. వార్డు మెట్ల దగ్గర వాచ్‌మన్ అలమేలుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాపకు ఎంత వయసమ్మా?"

"పదమూడు," అంది అలమేలు. మడమలు ఎత్తి నిలబడింది.

అతను నన్ను చూశాడు. నేను గోడ మీద బోర్డు చదువుతున్నాను. చెయ్యి తీశాడు.

వార్డు అలాగే ఉంది. నడుము ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం. ఎడమ వరసలో కిటికీ పక్క నాలుగో మంచం. దాని మీద ఒకావిడ కూర్చుని బన్ను కాఫీలో ముంచుకుని తింటోంది. నడి వయసు. గుడియాత్తం నుంచి వచ్చిందట.

"ఎవురు కావాల మీకు?"

"ఎవురూ వద్దు," అంది అలమేలు. "మంచం సూసేదానికి వచ్చినాం."

"మంచమా! ఇదేమన్నా దేవుని తేరా తల్లీ, సూసేదానికి?" ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా అలమేలు ఆగింది.

"ముందర మా అమ్మ ఈడ ఉన్నింది. ఈ మంచంలో."

ఆవిడ బన్ను పళ్ళెంలో పెట్టింది. "బాగయ్యి ఇంటికి పోయిందా?"

నేను నోరు తెరిచాను.

"పోయింది," అంది అలమేలు.

"అయితే ఇది రాసిగల మంచమే! సూడు, మా ఇంటాయన నాలుగో నంబరు మంచిది గాదని ఒకటే గొణుగుడు. ఈ పొద్దు రానీ, చెబుతా." కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. "కూసో కన్నా. సగం బన్ను తింటావా?"

అలమేలు బన్ను తీసుకుంది కానీ మంచం మీద కూర్చోలేదు. తలగడ వైపు చూసింది, మంచం కింద చూసింది, ఇనుప కోళ్ళకు రాలిన రంగు చూసింది. అన్నీ వరసగా, మార్కెట్లో కూరలు చూసినట్టు. ఆవిడ మళ్ళీ కాఫీలో పడింది. అలమేలు నా వైపు వంగి అడిగింది.

"నువ్వు యాడ కూసుంటా ఉన్నావు?"

ముక్కాలిపీట చూపించాను. దాన్ని కిటికీ దగ్గరకు జరుపుకుని దాని మీద కూర్చుంది. బయట నీళ్ళ ట్యాంకు, తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు, ఒక వేపచెట్టు, చెట్టు కింద సిమెంటు బెంచీ.

"అమ్మకు ఇదంతా కనిపిస్తా ఉన్నిందా?"

"తల ఇటు తిప్పితే కనిపించేది."

"పొయ్యేటప్పుడు నువ్వు ఈ పీట మీదనే ఉన్నావు గదా?"

ఏం చెప్పాలని ముందుగా అనుకోలేదు. అనుకుని ఉంటే చెప్పేదాన్ని కాదు.

"లేదు," అన్నాను. "అక్కడున్నాను."

నా వేలు ఎటు చూపిస్తోందో చూసింది. బెంచీ మీద ఎవరో ముసలాయన టవలు పరచుకుని పడుకుని ఉన్నాడు.

"ఆడేం చేస్తా ఉన్నావు?"

"చదువుకుంటున్నాను."

"ఏం పుస్తకం?"

"ఇంగ్లీషు నవల. ఓడలో వంట చేసే ఒకావిడ కథ."

"బాగుండిందా?"

"బాగుంది."

అలమేలు బన్ను కొంచెం కొరికింది. నమిలి మింగింది.

"అమ్మ దగ్గర మరి ఎవురున్నారు?"

"నర్సమ్మ."

"పేరేంది?"

తెలియదన్నాను. పదకొండు రోజులు చూశాను, పేరు తెలియదు. అలమేలు పీట మీద నుంచి లేచి, పీటను ఎక్కడ ఉన్నదో అక్కడ పెట్టి, మంచం మీద ఆవిడకు కూజాలోంచి నీళ్ళు ఒంచి ఇచ్చి, నేరుగా వార్డు మొదట్లో బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళాను. బల్ల దగ్గర నర్సు అరవంలో విసుక్కుంది. నవంబరులో ఎవరి డ్యూటీయో ఎవరికి గుర్తుంటుంది అని. అంతలో తుడిచే ఆమె ఆగి, తెలుగు నర్సమ్మా, పొట్టిగా ఉంటుంది, అక్కమ్మ సిస్టరు, సంక్రాంతికి ముందే పెళ్ళి చేసుకుని వాళ్ళ ఊరెళ్ళిపోయింది అని చెప్పింది.

"అక్కమ్మ సిస్టరు," అంది అలమేలు. మెట్లు దిగుతూ ఇంకోసారి అంది.

కోట దగ్గర ముని పదిహేడు చేపలు లెక్కపెట్టాడు. పద్దెనిమిదోది పామని మా నాయన అన్నాడట, కాదని వాడు. కాట్పాడి దాకా అదే తగువు. రైల్లో నాయన పై బల్ల మీద పడుకున్నాడు. అలమేలు నా పక్కన కూర్చుంది. నా భుజం మీద తల పెట్టలేదు. పక్కకూ జరగలేదు. పాకాల దాటాక తమ్ముణ్ణి తట్టింది.

"రేయ్, నాది అయిపోయింది. ఇప్పుడు నీ వంతు."

31 మే

అమ్మ అడిగింది, కోట ఎలా ఉందని. బాగుందన్నాం అందరం.

3 జూన్, ఆదివారం

ముని వంతు. అట్లాసు వద్దన్నాడు. నాయన దగ్గర రైల్వే టైంటేబులు తీసుకుని, కళ్ళు మూసుకుని వేలు పెట్టాడు. ఏర్పేడు.

అక్కడ ఏముందని అమ్మ అడిగింది. ఏమీ లేదని నాయన చెప్పాడు. "అదే కావాల," అన్నాడు ముని.

దిగాం. స్టేషను, గొడుగులాంటి ఒక తుమ్మచెట్టు, టీ బంకు, మేకలు. ఊళ్ళోకి పోతే గుడి ఉంటుందని ముని ప్లాట్‌ఫాం దిగనివ్వలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆరు మామిడిపండ్లు తిన్నాం. రెండు గూడ్సు బండ్లు వెళ్ళాయి. ముని పెట్టెలు లెక్కపెట్టాడు, ఒక్కో బండికీ ఒక్కో లెక్క చెప్పాడు. స్టేషన్ మాస్టరు వచ్చి ఎవరి కోసమని అడిగాడు. ఎవరి కోసమూ కాదు, ఏర్పేడు చూడ్డానికే వచ్చామని అలమేలు చెప్పింది. ఆయన చుట్టూ ఒకసారి చూసుకుని, మాకు మంచినీళ్ళు పంపించాడు.

ఈసారి బడిలో ఏ చోటు గురించి రాస్తావని అడిగాను. ఇదేనంది.

"మిగతావి?"

"మిగతావి రాసేటివి గాదు చిన్నమ్మా."

అక్కడ మూడు గంటలున్నాం. నాకు విసుగు పుట్టలేదు. ఇంకేమీ కూడా పుట్టలేదు.

7 జూన్

ఎండ తగ్గింది. ఏమీ చదవలేదు.

10 జూన్, ఆదివారం

బావ వచ్చి పిల్లలను తీసుకెళ్ళాడు. అమ్మ అలసందలు, వడియాలు, రెండు జతల కొత్త బట్టలు మూట కట్టింది. చారుపొడి కొత్తగా కొట్టి ఇచ్చింది.

పక్కింటి నాగులమ్మ సాగనంపడానికి వచ్చింది. బావను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం జేస్తావు నాయనా, రాత. ఈ పంకజ పక్కనుండింది, అదొక్కటే పున్నెం. చేతుల్లో పెట్టుకోని సాగనంపింది. తోడబుట్టినదానికి అంతకంటే ఏం గావాల." అమ్మ అవునని తల ఊపింది. నాయన వీధిలోకి చూస్తున్నాడు.

అలమేలు వంగి మునికి చెప్పుల బకిళ్ళు పెడుతోంది. తలెత్తి నన్ను చూసింది. నేను నాగులమ్మకు తాంబూలం అందించాను.

రిక్షా ఎక్కే ముందు దగ్గరికి వచ్చింది. "నేనెవురికీ చెప్పలే చిన్నమ్మా," అంది మెల్లగా. తర్వాత పెద్దగా, అందరికీ వినపడేలా, "వచ్చే వేసవికి ఏడాది దాటిపోతాది. కొండకు పోవచ్చు. అయినా వంతులు ఉండాల."

"సముద్రం నాది," అన్నాడు ముని రిక్షాలోంచి.

వాళ్ళు వెళ్ళాక అమ్మ చాపలు దులిపి ఎండలో వేసింది. నేను గది ఊడ్చాను. సాయంత్రం బజారుకు పోయి కిరోసిన్ తెచ్చాను.

అక్క పోయిన ఆ గురువారం అక్కమ్మ సిస్టర్ ఒకసారి వేపచెట్టు దాకా వచ్చి నన్ను పిలిచింది. ఈ పేజీ అయిపోగానే వస్తానన్నాను.